తుక్కు కారుకు ముందు బ్రేకు చూడాలి

2021 డిసెంబరులో మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా నుంచి వచ్చిన ఒక వీడియో దేశమంతా తిరిగింది. ఒక కమ్మరి పాత వాహనాల విడిభాగాలు ఏరుకొచ్చి, సుమారు 60 వేల రూపాయల ఖర్చుతో చిన్న జీపు లాంటి బండి తయారుచేశాడు. మోటారు సైకిలు మాదిరిగా కాలితో కిక్కు కొడితే అది స్టార్టవుతుంది. పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా ఆయన్ను మెచ్చుకున్నారు. ఇది నిబంధనలకు లోబడదు కాబట్టి అధికారులు ఎప్పుడో ఒకప్పుడు ఆపేస్తారని కూడా చెప్పి, బదులుగా బొలేరో ఇస్తామన్నారు, మరుసటి నెలలో ఇచ్చారు. అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఆ బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఎన్ని మీటర్లలో ఆగుతుంది? చప్పట్లు కొట్టినవారు గానీ, చట్టాన్ని గుర్తుచేసినవారు గానీ ఈ మాట అడగడం నేను చూడలేదు.

తుక్కులోంచి కారు కట్టుకునే అలవాటుకు పెట్టింది పేరు అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా. అక్కడ వీటిని హాట్ రాడ్లు అంటారు. 1930లలో, ఆర్థిక మాంద్యం నడుస్తున్న రోజుల్లో, కుర్రాళ్లు పాత ఫోర్డు రోడ్‌స్టర్లను చవగ్గా సంపాదించేవారు. రోడ్‌స్టర్ అంటే గట్టి పైకప్పు లేని రెండు సీట్ల కారు. అసలే తేలిక, దాని మడ్‌గార్డులు కూడా విప్పేస్తే ఇంకా తేలిక. ఫోర్డు మోడల్ ఎ ఇంజను శక్తి 40 హార్స్‌పవర్. 1932లో వచ్చిన వి-8 ఇంజనుది 65. కొన్నేళ్లకు ఆ వి-8లు తుక్కు దుకాణాలకు చేరగానే, వాటిని పాత తేలిక బండ్లలో బిగించడం మొదలైంది. ఆ ఇంజనులో ఒక చిక్కుంది. మండిన వాయువులు సిలిండర్ల పక్కనుంచి, ఇంజను దిమ్మె లోపలి దారుల గుండానే బయటికి పోతాయి. దాంతో నీళ్లు త్వరగా వేడెక్కుతాయి. ఉష్ణప్రసారం గురించి ఆ కుర్రాళ్లు పుస్తకంలో చదివారో లేదో గానీ, రోడ్డు పక్కన ఆవిరి కక్కుతున్న రేడియేటరు ముందు నిలబడి మాత్రం బాగానే నేర్చుకుని ఉంటారు.

అయితే హాట్ రాడ్ చరిత్రలో అసలు ఘట్టం ఇంజనుది కాదు, బ్రేకుది అని నా అభిప్రాయం. 1938 వరకు ఫోర్డు కార్లకు కడ్డీలతో, తీగలతో లాగే బ్రేకులే ఉండేవి. 1939 నమూనాకు హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. అవి తుక్కులోకి చేరిన కొద్దీ హాట్ రాడ్ కట్టేవారు వాటిని తమ పాత బండ్లకు మార్చుకున్నారు. ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. మనిషితో కలిపి 800 కిలోల బండి గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిశక్తి 62.5 కిలోజౌళ్లు. వేగం 90కి పెరిగితే 250 కిలోజౌళ్లు. వేగం రెట్టింపు, శక్తి నాలుగు రెట్లు. గట్టిగా బ్రేకు వేస్తే ఈ శక్తి దాదాపు అంతా బ్రేకుల్లో వేడిగా మారాల్సిందే. నాలుగు డ్రమ్ములూ కలిపి 20 కిలోల ఇనుము అనుకుంటే, ఒక్కసారి ఆపినప్పుడు సుమారు 27 డిగ్రీలు వేడెక్కుతాయి. ఘాట్ రోడ్డు దిగుతూ, చల్లారే వ్యవధి ఇవ్వకుండా పదిసార్లు ఇలాగే ఆపితే? డ్రమ్ము వ్యాకోచించి లైనింగుకు దూరం జరుగుతుంది, లైనింగు పట్టు తగ్గుతుంది. కాలు పెడలును నేలదాకా తొక్కుతుంది, బండి మాత్రం ఆగదు. పెద్ద ఇంజను ఎక్కించడం ఒక సాయంత్రపు గొప్ప. దానికి తగ్గ బ్రేకు కట్టడానికి నెలలు పట్టవచ్చు, దాన్ని ఎవరూ వీడియో తీయరు.

తుక్కుతో ఇంకో చిక్కు ఏమిటంటే, ఆ ఇనుము గతం మనకు తెలియదు. విజయవాడ ఆటోనగర్‌లో తిరిగినవారికి ఈ సంగతి కొత్త కాదు. బయటికి బంగారంలా కనిపించే ఇరుసు లోపల సన్నని పగులు ఉండవచ్చు. ఒకసారి మోసిన పెద్ద బరువు కంటే, లక్షలసార్లు పడిన చిన్న కుదుపులే లోహాన్ని ఎక్కువగా అలసిపోయేలా చేస్తాయి. లారీ కమాను కట్టల సంగతే తీసుకోండి. గట్టి ఉక్కు కదా అని వాటిని కోసి, బ్రాకెట్లుగా చాసిస్‌కు వెల్డింగు చేసేవారున్నారు. ఆ ఉక్కులో కార్బన్ అర శాతానికి పైగానే ఉంటుంది. వెల్డింగు అయ్యాక అతుకు పక్క భాగం గబుక్కున చల్లారి, గట్టిపడి, గాజులా పెళుసవుతుంది. ముందుగా వేడిచేసి, తర్వాత మెల్లగా చల్లారనిస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. మామూలు మెత్తని ఉక్కుకు చాలావరకు ఈ బాధ లేదు. అంటే ఇక్కడ బలమైనదాని కంటే మెత్తనిదే మేలు! పగులు పట్టుకోవడానికి పాతకాలపు రైల్వే వర్క్‌షాపుల్లో వాడిన ఉపాయం ఇంట్లోనూ చేయవచ్చు. భాగాన్ని శుభ్రం చేసి, కిరసనాయిల్లో నానబెట్టి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులు ఉంటే అందులో దాగిన నూనె ఊరి, తెల్లని పొడి మీద గీతలా కనిపిస్తుంది. నేటి డై పెనెట్రెంట్ పరీక్షకు మూలసూత్రం ఇదే.

ఇక ప్రభుత్వం చేయాల్సింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. పూర్తిగా కొత్త నమూనా అయితే పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థల్లో పరీక్షలు నెగ్గాలి. ఆ ఏర్పాటు వేల బండ్లు తయారుచేసే కంపెనీని దృష్టిలో పెట్టుకుని చేసింది. ఒకే ఒక్క బండి కట్టుకున్న మనిషి ఆ ఖర్చు భరించలేడు. కాబట్టి మన దగ్గర ఇలాంటి బండికి రెండే గతులు: చూసీ చూడనట్టు వదిలేయడం, లేదా పట్టుకుని పక్కన పడేయడం. 2022 ఏప్రిల్‌లో పంజాబ్‌లో మోటారు సైకిలుకు తోపుడు బండి అతికించిన జుగాడ్ వాహనాలను ఆపాలని ఆదేశం వచ్చింది. విమర్శలు రాగానే కొద్ది రోజుల్లోనే వెనక్కి పోయింది. ఆ రెండు నిర్ణయాల నడుమ ఒక్క బండి బ్రేకయినా మెరుగుపడలేదు.

బ్రిటన్‌లో మూడో దారి ఉంది. ఇంట్లో కట్టిన ఒక్క బండినైనా తనిఖీకి తీసుకెళ్లవచ్చు. బ్రేకులు, స్టీరింగు, దీపాలు, సీటు బెల్టు బిగించిన చోట్లు, పొగ అన్నీ చూస్తారు. నెగ్గితే రోడ్డెక్కవచ్చు. వయసు తేలని పాత భాగాలతో కట్టిన బండికి 'క్యూ' అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. చూసినవాళ్లకు దాని పుట్టుక తెలిసిపోతుంది. కాలిఫోర్నియాలోనూ పరిష్కారం నిషేధం నుంచి రాలేదు. ఎండిన సరస్సుల మీద దుమ్ములో పక్కపక్కన పరుగులు తీసి ప్రమాదాలు తెచ్చుకున్నవాళ్లే 1937లో సంఘంగా ఏర్పడి, తనిఖీ, నియమాలు పెట్టుకున్నారు. 1954లో భద్రతా పాఠాలు చెబుతూ ఊరూరా తిరిగిన హాట్ రాడ్ బృందానికి నాయకత్వం వహించిన బడ్ కూన్స్, పొమోనా పోలీసు శాఖ నుంచి వచ్చినవాడే.

మన రోడ్లు అసలే ప్రమాదకరం, ఇంకా ఇవి కూడానా అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. అందుకే హైవే ఎక్కించమని నేను అనడం లేదు. మొదట మూసిన మైదానంలో పరీక్ష, ఆ తర్వాత పరిమిత వేగం, పరిమిత దూరం. ప్రతిభకు కొరత లేదని హైదరాబాదులోని సుధా కార్స్ మ్యూజియానికి వెళ్లినవారికి తెలుసు. వంకాయ, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో ఉన్న అక్కడి కార్లు నడిచేవే. పరీక్షించే నేర్పుకూ కొరత లేదు. బాహా ఎస్ఏఈ ఇండియా పోటీలకు మన ఇంజనీరింగ్ విద్యార్థులు ఏటా సొంతంగా బండ్లు కట్టుకుని వెళ్తారు. అక్కడ పరుగుకు ముందే బ్రేకు పరీక్ష ఉంటుంది. కొంత వేగం అందుకుని బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ ఒక్కసారే బిగుసుకోవాలి. లేకపోతే బండి మళ్లీ షెడ్డుకే. ఈ పరీక్షకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. కొంత ఖాళీ నేల, కొలత టేపు, నాలుగు చక్రాల దగ్గర నలుగురు విద్యార్థులు చాలు. జిల్లాకొక కళాశాల నెలకొక ఆదివారం తన మైదానం గేటు తెరిస్తే, ఊళ్లోని మెకానిక్కులు తమ బండ్లతో వస్తారు. వాళ్లను లోపలికి రానిచ్చే అనుమతి పత్రం మీద సంతకం పెట్టేది రవాణా శాఖా, కళాశాలా అన్నది ముందు తేల్చాలి.