ట్రాక్టరు ధర తగ్గింది, రైతు భారం తగ్గిందా?

2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జీఎస్టీని 12 శాతం నుండి 5 శాతానికి తగ్గించారు. రైతుకు ఎంతో మేలు చేశామని పాలకులు చాటుకున్నారు. తగ్గింపు మంచిదే, కాదనం. కాని అసలు లెక్క షోరూములో తేలేది కాదు.

అప్పుడు పన్నుతో కలిపి 8 లక్షలున్న బండి ఇప్పుడు 7 లక్షల 50 వేలకు వచ్చిందనుకుందాం. మిగిలింది 50 వేలు. లక్షన్నర చేతినుండి పెట్టి, 6 లక్షలు 12 శాతం వడ్డీకి తెచ్చి, ఏటా ఒక కిస్తీ చొప్పున ఐదేళ్లలో తీర్చాలంటే కిస్తీ 1 లక్షా 66 వేలు దాటుతుంది. మొత్తం వడ్డీయే 2 లక్షల 32 వేలు! పన్నులో మిగిలినదానికి నాలుగు రెట్లకు పైగా అప్పిచ్చినవాడికే పోయింది. ఆపైన టైర్లు, ఇన్సూరెన్సు, మరమ్మతులు, డ్రైవరు జీతం, డీజిలు. ఆ డీజిలు జీఎస్టీలోకి రానే లేదు. దానిమీద కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం వ్యాటు గుంజుతూనే ఉన్నాయి.

ఐదెకరాల రైతుకు బండికి సరిపడా పని సొంత పొలంలో ఎక్కడిది? బాడుగకు తిప్పాలి. ఊళ్లో పది బండ్లయితే బాడుగ పడిపోతుంది, కిస్తీ మాత్రం తగ్గదు. వాయిదాలు తప్పితే బండి పట్టుకుపోతారు. ఆ గతి పట్టకూడదని రైతు ముందుగా కోత పెట్టేది కూలి రేటుకే. అందుకే ఇది కూలీల సమస్య కూడా.

సహకార సంఘాల చేతిలో ట్రాక్టర్లుండి చిన్న రైతుకు సరసమైన బాడుగకు దొరకాలి. డీజిలుపై పన్ను తగ్గాలి. రైతులూ కూలీలూ కలిసి అడగవలసింది ఇదే.