పదునారు మాసముల సభ్యుడు

తిరుపతి లోకసభ స్థానమునుండి 2019 మే నెలలో ఎన్నికైన బల్లి దుర్గాప్రసాదరావుగారు పార్లమెంటులో ఏమి సాధించిరని ఎత్తిపొడుచువారు మనలో ఇంకను కలరు. మృతుని బోనులో నిలిపి విచారించుట సులభమే. బదులు చెప్పలేడు గదా! ఆయన పక్షమున మేము కొన్ని మాటలు మనవి చేసికొందుము.

ఆయన రాజకీయములకు క్రొత్తవారు కారు. 28వ యేట, 1985లో, గూడూరు ప్రజలు ఆయనను శాసనసభకు పంపిరి. 1994, 2009లలో మరల పంపిరి. నడుమ కొంతకాలము రాష్ట్రమంత్రిగా నుండిరి. తెలుగుదేశము విడిచి 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసున చేరుట మాకు రుచించిన సంగతి కాదు; దాచవలసినదియు కాదు. అయినను పల్లెవాని అర్జీ ఏ కచేరీలో ఆగునో ఎరిగిన మనిషి.

అట్టివారికి లోకసభలో దక్కినది 16 మాసములైనను నిండని కాలము. తన నియోజకవర్గమున బడిగదులు, త్రాగునీటి వసతులు మున్నగు పనులకై సభ్యుడు సిఫారసు చేయుటకు ఏటేట 5 కోట్ల రూపాయల నిధి కలదు. 2020 ఏప్రిలులో కేంద్ర మంత్రివర్గము దానిని రెండేండ్లపాటు నిలిపివైచెను. కరోనా వైద్యమునకే గదా యందురు. అంతకు కొలది దినముల ముందు, మార్చిలో, ఆ నిధితోనే ఆసుపత్రులకు కరోనా పరికరములు కొనవచ్చునని సెలవిచ్చినది ఆ ప్రభుత్వమే కాదా? సూళ్లూరుపేటకు ఏది కావలయునో, సత్యవేడుకు ఏది కావలయునో, ఆ ఊళ్ల ఓట్లతో గెలిచినవానికంటె ఢిల్లీ గుమాస్తాకు బాగుగ తెలియునా?

నిధి పోయిన పిదప సభ్యునికి మిగిలినది నోరు. 2020 సెప్టెంబరు 14న సమావేశమైన పార్లమెంటులో ప్రశ్నోత్తర సమయమునే తీసివైచిరి. వ్రాతమూలకమైన జవాబులు మాత్రము ఉండనిచ్చిరి. మంత్రి జవాబుపై లేచి ఎదురుప్రశ్న వేయు హక్కు పోయినది. దుర్గాప్రసాదరావుగారు అప్పటికే కరోనా సోకి చెన్నైలో ఆసుపత్రి పాలైయుండిరి, 16న మరణించిరి. ఆయన ఎటులను అడుగజాలరు. అడుగజాలినవారి నోళ్లను కట్టివేయనేల?

ఉపఎన్నిక 2021 ఏప్రిలు 17న జరిగెను. రెండవ విడత కరోనా విజృంభించుచుండగనే పక్షముల పెద్దలు తరలివచ్చి సభలు జరిపిరి. మంత్రిని ప్రశ్నించుటకు అడ్డమైన అంటువ్యాధి ఓటు అడుగుటకు అడ్డము కాలేదు! మద్దిల గురుమూర్తిగారు ఎన్నికైరి. నిలిపిన నిధిని ఆ యేటి నవంబరులో పునరుద్ధరించిరి. దుర్గాప్రసాదరావుగారు గతించి అప్పటికి 14 మాసములు.