మృతుడు కోరిన మర్యాద

1826లో కేప్ టౌన్ నగరమున గర్భిణి ఉదరమును కోసి శిశువును వెలికిదీసి, తల్లీబిడ్డల నిరువురను బ్రతికించిన బ్రిటిష్ సైనికవైద్యుడు జేమ్స్ బారీ, అర్ధశతాబ్దికి మించి పురుషుడుగానే జీవించి, 1865లో లండనులో కన్నుమూసెను. తన దేహమును పరీక్షింపక కట్టుబట్టలతోనే ఖననము చేయవలెనని ఆయన కోరియుండెనందురు. ఆ కోరిక చెల్లలేదు. అది స్త్రీదేహమని, శవమునకు తుదిస్నానము చేయించిన స్త్రీ వెల్లడించిన మాట పత్రికలకెక్కెను. నాటినుండి ఎందరో రచయితలు, వైద్యవిద్య స్త్రీలకు నిషిద్ధమైన కాలమున మారువేషము దాల్చిన యువతిగానే ఆయనను చిత్రించుచు వచ్చిరి. ఆ నిషేధము యథార్థమే. బాల్యమున ఆయనకు మార్గరెట్ అను పేరుండుటయు యథార్థమే. అయినను, పట్టము చేజిక్కిన పిమ్మటను, ఉద్యోగవిరమణానంతరమును, మరణశయ్యపైనను విడువని రూపమును కేవలము వేషమనుట ఘోరమైన అన్యాయము. జీవితచరిత్రకారులు ఆయనను ఆయనగానే వ్రాయుదురుగాక.