సుగ్గి ఊళ్లలో పిల్లల దిగులు ఎవరికి పట్టాలి?

ఖరీఫ్ పంట ఇల్లు చేరీ చేరకముందే కర్నూలు జిల్లా పడమటి మండలాలలో పల్లెలు ఖాళీ కావడం మొదలవుతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం ప్రాంతాల కూలీలు, సన్నకారు రైతులు మిరప కోతలకు గుంటూరు, పల్నాడు వైపు పోతారు. పత్తి తీయడానికి పోయేవారు కొందరు, ఇళ్ల కట్టుబడి పనులకు బెంగళూరు పోయేవారు కొందరు. తిరిగి వచ్చేది ఉగాదికి అటూ ఇటూగానే. సుగ్గికి పోవడం ఇక్కడ కొత్త కాదు. వానను నమ్ముకున్న సేద్యం, తీరని అప్పులు, ఊళ్లో పని లేకపోవడం - కారణాలు అందరూ ఎరిగినవే. ఇప్పుడు రాయదలచింది తలుపులకు తాళాలు పడిన ఆ వీధులలో మిగిలిపోయే పిల్లల గురించి.

వెంట తీసుకుపోతే పిల్లవాడి చదువు పోతుంది. అవ్వ తాతల వద్ద వదిలితే చదువు నిలుస్తుంది గాని వాడి మనసు నిలవదు. బాగా ఉన్న పిల్ల ఉన్నట్టుండి రాత్రిళ్లు పక్క తడుపుతుంది. బడికి బయలుదేరే వేళకు కడుపు నొప్పి అంటుంది. కొందరు అన్నం ముద్ద ముట్టరు, కొందరు తోటివారిని కొడతారు, కొందరు మాటే మానేస్తారు. ఈ మాట మానేసినవారిని అందరూ బుద్ధిమంతులని మెచ్చుకుంటారు. నిజానికి ముందుగా చూడవలసింది వారినే. బడి రిజిస్టరులో మాత్రం ఇదంతా గైర్హాజరు అన్న ఒక్క గుర్తుగానే పడుతుంది.

ఒక అలవాటును ఇక్కడ చెప్పక తప్పదు. బిడ్డ ఏడుస్తుందని, కాళ్లకు చుట్టుకుంటుందని, అది నిద్రలో ఉండగానే తెల్లవారుజామున మూట సర్దుకుని బండెక్కే తల్లులు ఎందరో ఉన్నారు. వారిని తప్పు పట్టడానికి నోరు రాదు. ఆ తల్లి దారి పొడవునా ఏడుస్తూనే ఉంటుంది. కాని నిద్ర లేచి అమ్మను వెదుక్కున్న పిల్ల ఆ తరువాత నిద్రకే భయపడుతుంది. ఏడ్చినా సరే, ముందుగా చెప్పి పోవడం మేలు. ఎక్కడికి పోతున్నదీ, ఏ పండుగకు వచ్చేదీ చెప్పాలి. క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గీత గీసి చూపాలి. పోయిన తరువాత రోజూ ఒకే వేళకు ఫోను చేయాలి. చేనులో సిగ్నలు అందకపోతే వారానికి రెండు మార్లయినా చాలు, వేళ మాత్రం తప్పకూడదు. పిల్లవాడు ఆ వేళ కోసం ఎదురుచూస్తాడు. మార్కులు అడగడం తరువాత సంగతి; ఏం తిన్నావు, ఎవరితో ఆడావు అని ముందు అడగాలి.

ఇంత చేసినా దిగులు తగ్గని పిల్లలుంటారు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీస్తారు. దిష్టి తీయవద్దని చెప్పబోవడం లేదు. రెండు మూడు వారాలైనా పిల్ల తేరుకోకపోతే ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చూపించాలి. అవ్వకు బస్సెక్కే ఓపిక లేకపోతే 14416 నెంబరుకు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ టెలీ మానస్ సేవ రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. అవసరమైతే మానసిక వైద్యునితో కలుపుతారు. పిల్లల తరఫున పెద్దలూ మాట్లాడవచ్చు. ఎవరైనా పిల్లను కొడుతున్నా, పనికి పెట్టినా, చెడు చూపు చూస్తున్నా 1098కి చెప్పాలి.

మనసుకు వైద్యమంటే పట్నపు పెద్దాసుపత్రే అని మనవారిలో ఒక భావం ఉన్నది. అది ఎంత తప్పో మన పొరుగునే ఉన్న బళ్లారి చూపింది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 1985లో ఆ జిల్లాను తీసుకుని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, పల్లె దగ్గరే మానసిక వైద్యం అందించవచ్చని రుజువు చేసింది. దాని ఆధారంగానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది. మొదటి నాలుగు జిల్లాలలో మెదక్ కూడా ఒకటి. ఆదోని వారు సంతకూ సరుకుకూ పోయివచ్చే బళ్లారి దేశానికి దారి చూపితే, ఆ వెలుగు ఆదోని పల్లెల గడపలకు చేరకపోవడం శోచనీయం. ప్రభుత్వ వైద్యశాలల్లో మానసిక వైద్యం పొందడం హక్కని 2017 చట్టమే చెబుతున్నది.

విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న కొన్ని ఆదేశాలిచ్చింది. 100 మంది, అంతకు పైబడి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ పిల్లల మనసెరిగి మాట్లాడగల శిక్షణ పొందిన కౌన్సెలరు ఒకరైనా ఉండాలన్నది. చిన్న బడులు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. ఉపాధ్యాయులకు ఏడాదికి రెండు మార్లు శిక్షణ ఇవ్వాలి. ఇవి కార్పొరేటు కాలేజీలకే అనుకుంటే పొరపాటు. సుగ్గి మండలాలలో నూరు దాటిన ఉన్నత పాఠశాలలు ఎన్నో ఉన్నాయి. వలస కూలీల పిల్లల కోసం తెరిచే సీజనల్ హాస్టళ్ల సంగతీ చూడాలి. అక్కడ బియ్యం, పప్పు, హాజరు లెక్కలకు రికార్డులుంటాయి. రాత్రి ఏడ్చే పిల్ల పక్కన ఎవరు కూర్చోవాలో మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. ఆ హాస్టళ్లలో పనిచేసేవారికి రెండు రోజుల శిక్షణ ఇప్పించడం జిల్లా విద్యా, వైద్య శాఖలకు అసాధ్యమేమీ కాదు.

ఊరు చేయగల పనీ ఉన్నది. బండ్లు కదలకముందే అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, బడి పంతులు కూర్చుని ఏ ఇంటి పిల్లలు ఎవరి వద్ద మిగులుతున్నారో ఒక పట్టిక రాసుకోవాలి. అవ్వకు చూపు ఆనని ఇంటికి, తాత మంచాన పడిన ఇంటికి వారానికి ఒకమారు వెళ్లి చూడాలి. తల్లిదండ్రుల ఫోను నెంబర్లు బడిలో ఉంచాలి. 14416, 1098 నెంబర్లను బడి గోడ మీద, రచ్చకట్ట మీద, బస్సు ఆగే చోట పెద్ద అక్షరాలతో రాయించాలి. దానికి కావలసింది ఒక పెయింటు డబ్బా. పై నుంచి ఉత్తర్వులు రానవసరం లేదు, పంచాయతీ తీర్మానం చాలు. ఈ ఏడు మొదటి బండి కదిలేలోగా ఆ పని ఏ పంచాయతీ చేస్తుందో చూడాలి.