పనిలో ఉన్న మనిషి

ఫొటో స్టూడియోకి రకరకాల మనుషులు వస్తుంటారు. చంటిబిడ్డలతో తల్లులు, కొత్తగా పెళ్లయిన జంటలు, పెంపుడు జంతువులను తెచ్చుకున్నవాళ్లు, ఒకరి ముఖం ఒకరు చూసుకోని దంపతులు. కెమెరా పక్కన నిలబడ్డ మోరిస్ వాళ్లను మాటల్లో పెడతాడు, బుజ్జగిస్తాడు, ఎలాగోలా ఒక్క నవ్వు రాబడతాడు. ఫ్లాష్ వెలిగి ఆరేలోపే ఆ నవ్వు మాయమవుతుంది. తర్వాత ఒక యువతి వస్తుంది. కారు ప్రమాదంలో ఆమె ముఖం మీద పెద్ద గాటు పడింది. నష్టపరిహారం కోసం ఫొటోలు కావాలి, గాయం బాగా కనబడాలి. మోరిస్ ఆమెను నవ్వమని అడగడు. అతని గొంతు తగ్గుతుంది, చేతులు నెమ్మదిస్తాయి. ఆ రెండు నిమిషాల్లోనే మోరిస్ ఎలాంటివాడో మనకు తెలిసిపోతుంది. అతని గురించి ఎవరూ ఒక్క మాటా చెప్పనక్కర్లేదు.

మైక్ లీ దర్శకత్వంలో 1996లో వచ్చిన ‘సీక్రెట్స్ అండ్ లైస్’లోని దృశ్యాలివి. మోరిస్‌గా నటించినవాడు టిమొతీ స్పాల్. నలభై ఏళ్లు దాటిన అతని నటజీవితాన్ని వరసగా చూసుకుంటూ వస్తే నాకు అన్నిటికన్నా ముందు కనబడేది ముఖం కాదు, చేతులు. పోస్ట్‌మ్యాన్, ఎలక్ట్రీషియన్, హోటల్ పెట్టి దివాలా తీసేవాడు, ఫొటోగ్రాఫర్, టాక్సీ డ్రైవర్, తలారి, చిత్రకారుడు. ఇవన్నీ అతను వేసిన పాత్రలు. వీటిలో ఏ ఒక్కదానిలోనూ ఆ ఉద్యోగం పరిచయ వాక్యంలో చెప్పేసి మరచిపోయే సంగతిగా ఉండదు. సినిమాల్లో సాధారణంగా అలాగే ఉంటుంది. హీరో ఇంజనీరంటారు, ఆ తర్వాత రెండున్నర గంటలూ అతను ఒక్క కాగితం ముట్టుకోడు. మనిషి మెలకువగా ఉండే సమయంలో సగం పనికే పోతుంది. ఆ సగాన్ని వదిలేసి మనిషిని చూపిస్తున్నామనుకోవడం సినిమా తనను తాను మోసగించుకోవడమే. స్పాల్ ఆ సగాన్ని తెరమీదికి తెచ్చాడు. అతను గొప్ప నటుడని నేననేది ముఖ్యంగా ఇందుకే.

అతను పుట్టింది 1957లో, దక్షిణ లండన్‌లోని బ్యాటర్‌సీలో. నాన్న తపాలా శాఖ ఉద్యోగి, అమ్మ జుట్టు కత్తిరించే పని చేసేది. నలుగురు అన్నదమ్ముల్లో మూడోవాడు. బళ్లో ‘విజార్డ్ ఆఫ్ ఆజ్’ నాటకంలో పిరికి సింహం వేషం వేయడంతో నటన మీద మనసు పడింది. అక్కణ్నుంచి నేషనల్ యూత్ థియేటర్, ఆపై లండన్‌లోని పేరుమోసిన నటనా విద్యాలయం రాడా. అక్కడ బంగారు పతకంతో బయటికొచ్చి రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో చేరాడు. ఇంత చదువు చదివి, ఇంత రంగస్థలం చూసిన కుర్రాడికి 1982లో మైక్ లీ బీబీసీ కోసం తీసిన ‘హోమ్ స్వీట్ హోమ్’లో దొరికిన వేషం పోస్ట్‌మ్యాన్. తపాలా శాఖ బతుకు అతను చిన్నప్పట్నుంచీ ఇంట్లో చూసిందే.

తర్వాతి ఏడాది ఐటీవీలో మొదలైన ‘ఆఫ్ వీడర్‌జేన్, పెట్’ అతణ్ని ఇంటింటికీ తెలిసినవాణ్ని చేసింది. ప్రధాని థాచర్ కాలంలో బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య ముప్ఫై లక్షలు దాటింది. సొంత ఊళ్లో పని దొరక్క జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో భవన నిర్మాణానికి వెళ్లి, ఒకే గుడిసెలో సర్దుకుని బతికే ఏడుగురు కార్మికుల కథ అది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి కుటుంబాలకు ఆ గుడిసెను ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. అందులో స్పాల్ వేసింది బర్మింగ్‌హామ్ ఎలక్ట్రీషియన్ బ్యారీ. అడిగినా అడక్కపోయినా ప్రతిదాని గురించీ వివరంగా చెప్పి పక్కవాళ్ల ఓపిక పరీక్షించేవాడు. లండన్‌లో పుట్టిపెరిగిన స్పాల్ బర్మింగ్‌హామ్ యాసను ఎంతగా పట్టుకున్నాడంటే, చాలామంది అతనిది ఆ ఊరే అనుకున్నారు. బ్యారీని చూసి నవ్వుతాం. కానీ అంతమందిలో అంత ఒంటరిగా ఉన్నవాడు మరొకడు లేడని కొన్ని భాగాలు గడిచాక అర్థమవుతుంది.

మైక్ లీ పనిచేసే పద్ధతి గురించి కాస్త చెప్పాలి. అది తెలియకపోతే స్పాల్ సగమే అర్థమవుతాడు. లీ దగ్గర మొదట స్క్రిప్టు ఉండదు. నటుడు తనకు నిజంగా తెలిసిన మనుషుల గురించి ఒక్కొక్కరుగా చెబుతాడు. ఇద్దరూ కూర్చుని వాళ్లలోంచి కొందర్ని ఎంచి, కలిపి, ఒక కొత్త మనిషిని తయారు చేస్తారు. ఆ మనిషి ఎక్కడ పుట్టాడు, ఏం చదివాడు, ఎంత సంపాదిస్తాడు, రోజూ ఎలా పనికి వెళతాడు అన్నీ నెలల తరబడి కట్టుకుంటూ వస్తారు. ఏ నటుడికైనా తన పాత్రకు తెలిసినంతే తెలుస్తుంది. ‘సీక్రెట్స్ అండ్ లైస్’లో బ్రెండా బ్లెతిన్ వేసిన సింథియా, పుట్టగానే దత్తతకిచ్చేసిన కూతురు నల్లజాతి యువతి అన్న సంగతి, రిహార్సల్‌లో ఆ నటి ఎదురుపడేదాకా బ్లెతిన్‌కు తెలియదు. ఇలా ఆశువుగా పుట్టిన మాటల్ని వడగట్టి, బిగించి, కెమెరా ముందుకు వచ్చేసరికి అక్షరం మారకుండా స్థిరం చేస్తారు. తెరమీద అప్పటికప్పుడు పుట్టినట్టున్న ప్రతి తడబాటూ నెలల సాధన.

ఈ పద్ధతి స్పాల్‌కు అచ్చొచ్చింది. 1990 నాటి ‘లైఫ్ ఈజ్ స్వీట్’లో స్పాల్ వేసిన ఆబ్రీ ఫ్రెంచి రెస్టారెంటు తెరుస్తాడు. బీరులో ఉడికించిన కాలేయం, ఎండు ప్లమ్ పండ్లతో ఉప్పని కీష్ లాంటి వింత వంటకాలు మెనూలో రాస్తాడు. ప్రారంభోత్సవం నాడు ఒక్కడూ రాడు. తాగి, బల్లలు తోసి, కూలబడతాడు. మరొకరైతే అక్కడ నవ్వించి ఊరుకునేవారు. స్పాల్‌ను చూస్తే, చేతకాని పనిని ప్రేమించిన మనిషి అవమానం కనబడి గుండె కలుక్కుమంటుంది.

‘సీక్రెట్స్ అండ్ లైస్’ కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ దోర్ గెలుచుకుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే స్పాల్‌కు తీవ్రమైన రక్త క్యాన్సర్ బయటపడింది. తన సినిమాకు పట్టం కట్టిన వేళ అతను ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. కోలుకున్నాడు, తిరిగొచ్చాడు. తర్వాత భార్యతో కలిసి ‘ప్రిన్సెస్ మటిల్డా’ అనే బార్జ్ పడవలో బ్రిటన్ తీరం వెంబడి తిరిగాడు. బీబీసీ దాన్నీ చిత్రీకరించి చూపించింది.

1999లో వచ్చిన ‘టాప్సీ టర్వీ’లో అతను పందొమ్మిదో శతాబ్దపు రంగస్థల గాయకుడు. ప్రదర్శనకు ముందు అతని ఒకే ఒక్క పాటను రచయిత గిల్బర్ట్ తీసేస్తాడు. ఆ గాయకుడు కోపగించుకోడు, వాదించడు. దెబ్బను మింగి వృత్తి మర్యాద కాపాడుకుంటాడు. తోటి కళాకారులంతా కలిసి ఆ పాటను తిరిగి పెట్టమని గిల్బర్ట్‌ను బతిమాలతారు. చిన్న వేషాలతో బతికే నటుల గురించి ఇంత ప్రేమగా తీసిన సన్నివేశం నేను మరొకటి చూడలేదు.

నా లెక్కలో అతని శిఖరం మాత్రం 2002 నాటి ‘ఆల్ ఆర్ నథింగ్’. ఫిల్ టాక్సీ నడుపుతాడు. సూపర్ మార్కెట్‌లో పనిచేసే భార్య, వృద్ధాశ్రమంలో నేల తుడిచే కూతురు, పని లేక సోఫాలో పడుండే కొడుకు. టాక్సీ కంపెనీకి కట్టాల్సిన వారం డబ్బు తక్కువపడితే, ఇంట్లో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చిల్లర అడుగుతాడు. కూతురి దగ్గర చేయి చాచిన తండ్రిని స్పాల్ ఎలా చేశాడో చూడాలి. భుజాలు ముందే క్షమాపణ చెబుతుంటాయి. ఒక రోజు రేడియో ఆపేసి, ఫోన్ కట్టేసి, కారును సముద్రం దాకా నడుపుకుంటూ పోతాడు. అదే రోజు కొడుక్కి గుండెపోటు వస్తుంది. చివర్లో, నువ్విప్పుడు నన్ను ప్రేమించడం లేదు కదా అని భార్యతో అనడానికి అతనికి సినిమా అంతా పడుతుంది. భార్యగా లెస్లీ మాన్‌విల్ అతనికి ఏ మాత్రం తీసిపోదు. పేదరికం ఒక ఇంట్లో మాటల్ని ఎలా తినేస్తుందో ఇంత నిజాయితీగా చెప్పిన నటులు అరుదు.

2005లో ‘పియర్‌పాయింట్’ వచ్చింది. ఇది లీ సినిమా కాదు, ఏడ్రియన్ షెర్‌గోల్డ్‌ది. బ్రిటన్‌లో వందలమందిని ఉరితీసిన ఆల్బర్ట్ పియర్‌పాయింట్ కథ. మామూలు రోజుల్లో అతను సరుకులు ఇంటింటికీ అందించే మనిషి. ఖైదీ బరువు, ఎత్తు చూసి తాడు ఎంత పొడవుండాలో లెక్కకట్టడం, క్షణాల్లో పని ముగించడం, తర్వాత ఆ శవాన్ని మర్యాదగా కడగడం స్పాల్ మంచి పనివాడి ఏకాగ్రతతో చేస్తాడు. మనల్ని భయపెట్టేది ఆ నైపుణ్యమే. యుద్ధం తర్వాత నాజీ నేరస్థులను ఉరితీసి వచ్చిన అతణ్ని జనం వీరుడిలా చూస్తారు. తన పబ్బులో తనతో కలిసి పాడుకునే స్నేహితుణ్నే 1950లో ఉరికంబం ఎక్కించాల్సి వచ్చినప్పుడు ఆ పనివాడి గోడ కూలుతుంది. మరణశిక్ష ప్రతీకారం తప్ప ఏమీ సాధించలేదని నిజజీవితంలో పియర్‌పాయింట్ 1974లో తన ఆత్మకథలో రాశాడు. ఆ మాట వెనకున్న బరువు ఈ నటుడి చేతుల్లో కనబడుతుంది.

మన పిల్లలకు అతను హ్యారీ పోటర్ సినిమాల్లోని పీటర్ పెటిగ్రూగా, ఎలుకగా మారి పన్నెండేళ్లు దాక్కున్న ద్రోహిగా తెలుసు. వేళ్లు ముడుచుకుని, ముక్కు ఎగబీల్చి అతను ఆ ఎలుకను మనిషిలో దాచిన తీరు బాగుంది. కానీ వణకడం తప్ప అతనికి అక్కడ చేయడానికేమీ ఇవ్వలేదు. ‘ది కింగ్స్ స్పీచ్’లో చర్చిల్ వేషమూ అంతే, చుట్టపుచూపు. పెద్ద నిర్మాణ సంస్థలు ఇలాంటి నటుల ముఖాన్ని కొనుక్కుంటాయి, వాళ్ల శక్తిని మాత్రం వాడుకోవు.

2014లో మైక్ లీ ‘మిస్టర్ టర్నర్’లో అతనికి టర్నర్ పాత్రనిచ్చాడు. బ్రిటన్ గర్వంగా చెప్పుకునే ప్రకృతి చిత్రకారుడు జె.ఎం.డబ్ల్యు. టర్నర్ చివరి పాతికేళ్ల జీవితం అది. టర్నర్ క్షురకుడి కొడుకు. తండ్రి కొట్టు మూసేసి, కొడుకు కోసం రంగులు కలుపుతూ, కాన్వాసులు బిగిస్తూ బతికాడు. ఈ పాత్ర కోసం స్పాల్ సుమారు రెండేళ్లు ఒక చిత్రకారుడి దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. తెరమీద అతను కుంచెను పట్టడు, దానితో కాన్వాసును పొడుస్తాడు. ఉమ్మేస్తాడు, రంగు పొడి ఊదుతాడు, రుద్దుతాడు. మాటలకు బదులు గుర్రుమంటాడు. ఆ గుర్రులో ఒకసారి విసుగు, ఒకసారి కోరిక, ఒకసారి ఒప్పుకోలేని దుఃఖం. తండ్రి పోయాక వేశ్యాగృహంలో ఒక అమ్మాయిని కూర్చోబెట్టి బొమ్మ వేస్తూ ఒక్కసారిగా ఏడుస్తాడు. ఆ ఏడుపు అందంగా ఉండదు, జంతువు ఏడ్చినట్టుంటుంది.

1832లో రాయల్ అకాడమీ ప్రదర్శనకు ముందు జరిగిన సంఘటన కూడా సినిమాలో ఉంది. పక్కన మరో చిత్రకారుడు కాన్‌స్టేబుల్ ఎర్రరంగు దట్టించి తన పెద్ద చిత్రాన్ని పూర్తి చేసుకుంటుంటాడు. టర్నర్ వచ్చి తన బూడిదరంగు సముద్రం మీద ఒక్క ఎర్రచుక్క పెట్టి వెళ్లిపోతాడు. అందరూ నిర్ఘాంతపోతారు. మళ్లీ వచ్చి, ఆ చుక్కను సవరించి, నీటిమీద తేలే బోయాగా మార్చేస్తాడు. గర్వం, అల్లరి, అసూయ, పనిమీద పట్టు అన్నీ కలిసిన ఆ నడకను స్పాల్ తప్ప మరొకరు నడవగలరని నేననుకోను.

కాన్‌లో అతనికి ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఆస్కార్‌కు గానీ, సొంత దేశపు బాఫ్టాకు గానీ కనీసం నామినేషన్ కూడా దక్కలేదు. ఆ ఏడాది రెండూ స్టీఫెన్ హాకింగ్ పాత్రకు ఎడీ రెడ్‌మేన్‌ను వరించాయి. రెడ్‌మేన్ మంచి నటుడే. అయితే బహుమతులిచ్చేవారికి శరీరం మారితే శ్రమ కనబడుతుంది, రెండేళ్లు కుంచె పట్టి నేర్చుకున్న శ్రమ కనబడదు. నాకు ఇప్పటికీ ఇది అన్యాయంగానే తోస్తుంది. ఆ ఐదుగురు అభ్యర్థుల జాబితాలో అతని పేరు లేకపోవడం ఆ జాబితాకే లోటు.

ఆ తర్వాత అతను ఆగలేదు. 2016లో ‘డినయల్’లో యూదుల మారణహోమాన్ని కాదన్న డేవిడ్ ఇర్వింగ్‌గా చేశాడు, 2019లో చిత్రకారుడు లౌరీగా కనిపించాడు, 2021లో స్కాట్లండ్ కొస నుంచి ఇంగ్లండ్ కొస దాకా మామూలు బస్సుల్లో వెళ్లే వృద్ధుడయ్యాడు. 2023లో బీబీసీ ‘ది సిక్స్త్ కమాండ్‌మెంట్’లో, నమ్మినవాడి చేతిలోనే ప్రాణం పోగొట్టుకున్న రిటైర్డ్ ఉపాధ్యాయుడిగా నటించాడు. నిజంగా జరిగిన కథ. ఆలస్యంగా దొరికిన ప్రేమను నమ్మిన ఆ మాస్టారి ముఖంలో వెలుగు చూస్తుంటే, ముందు ఏం జరగబోతుందో తెలిసిన మనకు కూర్చోబుద్ధి కాదు. దీనికి 2024లో బాఫ్టా టెలివిజన్ ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చింది. అరవై ఏడేళ్ల వయసులో.

అతని సినిమాలు ఇంతవరకు చూడనివారు ‘సీక్రెట్స్ అండ్ లైస్’తో మొదలుపెట్టండి. అది నచ్చితే ‘ఆల్ ఆర్ నథింగ్’ చూడండి, కానీ మనసు బాగాలేని రోజున వద్దు. ‘మిస్టర్ టర్నర్’ను మాత్రం ఫోన్‌లో చూడకండి. డిక్ పోప్ కెమెరా వెలుగును పట్టుకున్న తీరు కోసమైనా దానికి వీలైనంత పెద్ద తెర వెతకండి.