పారేసే మొదలే విత్తనం

కషాయానికి ఆకు తుంచుకుని నిమ్మగడ్డి మొదలు దిబ్బలో పారేస్తున్నారా? గడ్డ చెడని మొదలును రెండంగుళాల నీళ్లలో నిలబెట్టి, రోజు విడిచి రోజు నీళ్లు మార్చండి. రెండు మూడు వారాల్లో వేర్లు దిగుతాయి. దాన్ని పెరట్లో నాటితే బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లే చాలు. సబ్బు నీళ్లు వద్దు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకే దిక్కుచూసే అనంతపురం మెట్టలో, నూనెకు మంచి ధర అన్నారని అప్పు చేసి ఎకరాలకు ఎకరాలు నాటడం తగదు. నూనె తీసే యూనిట్ దగ్గర్లో లేకుంటే కోసిన గడ్డి ఎవరు కొంటారు? వేరుశెనగ ఒక్కదాన్నే నమ్ముకుని పడిన పాట్లు చాలవా? ముందు పెరటి కుదురు చూసుకోండి. దాని పిలకలు విడదీసి గట్టున నాటితే మన్ను కోసుకుపోదు, పైసా ఖర్చూ లేదు. రైతన్నా, కొనేవాడు తేలాకే చేలో పెట్టు!