కొన్నా మనది కాని ఆట

సూపర్ మారియో బ్రదర్స్ 1985 సెప్టెంబరు 13న జపాన్‌లో విడుదలైంది. ఆట మొత్తం కలిపి 40 కిలోబైట్లు. ఇవాళ ఫోన్లో తీసే ఒక మామూలు ఫొటోకే అంతకు ఎన్నో రెట్లు చోటు కావాలి. ఆ 40 కిలోబైట్లను నింటెండో ఒకే అభిమానికి ఎన్నిసార్లు అమ్మిందో చూడండి. మొదట క్యాట్రిడ్జ్, అంటే మన పిల్లలు క్యాసెట్టు అన్నది. 1999లో గేమ్‌బాయ్ కలర్ కోసం ‘డీలక్స్’ అని. 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ కోసం 20 డాలర్లకు. 2006 చివర వీ కన్సోల్ వచ్చాక, అందులోని వర్చువల్ కన్సోల్ దుకాణంలో 5 డాలర్లకు. ఆపైన తర్వాతి యంత్రాలు వచ్చాక 3డీఎస్‌లో మరో 5, వీ యూలో ఇంకో 5. 2016లో ఎన్ఈఎస్ క్లాసిక్ అనే అరచేతి పెట్టెలో 30 ఆటల్లో ఒకటిగా, 60 డాలర్లకు.

ఇన్నిసార్లు డబ్బు కట్టినవాడు నింటెండో తర్వాతి యంత్రం స్విచ్ కొన్నాక ఏం చూశాడు? పాత ఖాతాలో కొన్నవేవీ అక్కడ లేవు. వీ నుంచి వీ యూకు మారినప్పుడు కనీసం డాలరో డాలరున్నరో కట్టించుకుని ఆటను కొత్త యంత్రానికి మార్చి ఇచ్చారు. స్విచ్ దగ్గర ఆ మర్యాద కూడా పోయింది. 2018 సెప్టెంబరు నుంచి ఏడాదికి 20 డాలర్ల చందా కడితేనే పాత ఆటలు తెరుచుకుంటాయి. 2021 అక్టోబరులో నింటెండో 64, సెగా జెనెసిస్ ఆటలను చేర్చి 50 డాలర్ల పెద్ద చందా ఒకటి తెచ్చారు. యంత్రం వారానికొకసారైనా ఇంటర్నెట్‌కు వెళ్లి, యజమాని చందా కట్టాడో లేదో కనుక్కుని రావాలి. కట్టకపోతే ముప్పై ఏళ్లనాటి ఆటకూ తాళమే. అమ్మకం పోయి అద్దె వచ్చిందని కంపెనీ నోరు తెరిచి చెప్పదు.

ఆన్‌లైన్ దుకాణాల సంగతి ఇంకా ఘోరం. వీ దుకాణం 2019 జనవరి 30న మూతపడింది. 3డీఎస్, వీ యూ దుకాణాల్లో 2023 మార్చి 27 తర్వాత ఎవరూ ఏమీ కొనలేరు. సోనీ కూడా 2021లో ప్లేస్టేషన్ 3, వీటా దుకాణాలను మూసేస్తామని ప్రకటించి, జనం తిట్టిపోశాక నెల తిరక్కుండానే వెనక్కి తగ్గింది. సూపర్ మారియో 3డీ ఆల్‌స్టార్స్ అయితే కథే వేరు. మూడు పాత ఆటలను కలిపి 2020 సెప్టెంబరులో విడుదల చేసి, 2021 మార్చి 31 తర్వాత దొరకదని ముందే చాటింపు వేశారు. చెప్పినట్టే తీసేశారు. డిజిటల్ సరుకుకు గోదాము ఖాళీ అవదు, ముడిసరుకు కరువు రాదు. కొరత సృష్టించి తొందరపెట్టడానికి తప్ప ఆ గడువుకు మరో కారణం కనపడదు.

ఆస్తి కంపెనీది, అమ్ముకోవడమో మానుకోవడమో దాని ఇష్టం అనేవారున్నారు. అమ్మితే సరే. అమ్మరు, ఇంకొకరిని దాచనివ్వరు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు ఏ అంగట్లోనూ లేవు. మిగిలింది 13 శాతం. అమెరికా మూకీ చిత్రాల్లో అసలు రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో తేల్చింది. ఆ మూకీలను నిప్పూ, కుళ్లిన ఫిల్మూ, నిర్లక్ష్యమూ మింగాయి. ఈ ఆటలు చాలావరకు ఎక్కడో ఒకచోట భద్రంగానే ఉన్నాయి. తాళం తీయడానికే చట్టం ఒప్పుకోదు.

ఈ ఆటలను కొత్త యంత్రంలో ఆడించేది ఎమ్యులేటర్, అంటే పాత చిప్ ఎలా నడిచేదో అలా నడిచి చూపించే ప్రోగ్రాం. ఎమ్యులేటర్ తయారీ కోసం కన్సోల్ సాఫ్ట్‌వేర్‌ను విప్పి చూడటం న్యాయమైన వినియోగమేనని 2000లో సోనీ, కనెక్టిక్స్ వ్యాజ్యంలో అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది. నింటెండో తన చందా ఆటలను నడిపేదీ ఎమ్యులేటర్లతోనే. ఆ పని కూడా శ్రద్ధగా చేసిందా అంటే, నింటెండో 64 ఆటలు వచ్చిన కొత్తలో జెల్డా ఆటలో నీటి గుడిలోని ఒక గదిలో పొగమంచే మాయమైంది. అభిమానులు వెక్కిరించాక సరిదిద్దారు. ఇంట్లో కూర్చుని ఊరికే రాసిన కుర్రాళ్ల ప్రోగ్రాములు అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆ గదిని సరిగ్గా చూపించాయి.

ఇక గ్రంథాలయాలు. అంగట్లో లేని ఆటలను పరిశోధకులు దూరం నుంచి చూసేందుకు అనుమతించమని అవి అడిగితే, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం కాదంది. గేమ్ కంపెనీల సంఘం ఈఎస్‌ఏ అడ్డుపడింది. పరిశోధన పేరుతో వినోదం కోసం ఆడుకుంటారేమోనన్నది ప్రధాన అభ్యంతరం. నవలలను గ్రంథాలయాలు దేనికోసం అరువిస్తున్నాయో ఆ సంఘానికి ఎవరైనా చెప్పాలి.

మన దగ్గరికి ఈ ఆటలు ఎక్కువగా వచ్చింది దొడ్డిదారిన. తొంభైల్లో కోఠి నుంచి జిల్లా కేంద్రాల దాకా అమ్ముడైన టీవీ గేమ్ పెట్టెల్లో చాలావరకు నింటెండో ఫామికామ్ కన్సోల్‌కు నకళ్లు. ‘9999 ఇన్ 1’ అని అట్ట మీద ఉండేది. లోపల కొద్ది ఆటలే పేర్లు మార్చుకుని తిరిగేవి. మారియో, కాంట్రా మన పిల్లలకు పరిచయమైంది అలాగే. ఆ పిల్లలిప్పుడు సంపాదనపరులు, డబ్బిచ్చి కొంటామంటున్నారు. స్విచ్‌కు ఇక్కడ అధికారిక అమ్మకమే లేదు. అమెరికా నుంచి వచ్చే బావమరిది సూట్‌కేసులోనో, దిగుమతి దుకాణంలోనో దొరికితే, వేరే దేశం పేరుతో ఖాతా తెరుచుకోవాలి. దొంగ క్యాసెట్టు కొన్నప్పుడు కనీసం అది బీరువాలో ఉండేది.

హక్కుల చిక్కుముళ్లు లేవని కాదు. గోల్డెన్ఐ 007 ఆట 1997లో వచ్చి, నింటెండో, మైక్రోసాఫ్ట్, జేమ్స్ బాండ్ హక్కుదారుల మధ్య ఇరుక్కుని 2023 దాకా మళ్లీ వెలుగు చూడలేదు. కానీ మనసుంటే ఎంత చేయవచ్చో అదే మైక్రోసాఫ్ట్ చూపించింది. 2001నాటి ఎక్స్‌బాక్స్ డిస్కులు కొన్నింటిని ఇప్పటి సిరీస్ ఎక్స్‌లో పెడితే గుర్తుపట్టి, మళ్లీ డబ్బు అడగకుండా ఆడిస్తుంది. 2021 నవంబరులో మరో 70కి పైగా ఆటలు చేర్చాక, హక్కులపరంగా, సాంకేతికంగా ఇక చేయగలిగింది లేదని చెప్పి ఆపింది. ప్రయత్నించి ఆగినవారిని అర్థం చేసుకోవచ్చు.

అమెరికా చట్టం ప్రకారం 1985నాటి మారియో మీద కాపీరైట్ తీరేది 2080 చివర. అంతవరకు ఎదురుచూడనక్కర్లేని దారి ఒకటుంది. కాపీరైట్ మినహాయింపుల సమీక్ష మూడేళ్లకోసారి జరుగుతుంది, తదుపరిది 2027లో. ఈఎస్‌ఏ పాత అభ్యంతరాలతోనే వస్తే, అధికారులు ముందు దానినుంచి ఒక జాబితా అడగాలి: ఆ 87 శాతంలో గత మూడేళ్లలో మీ సభ్యులు మళ్లీ అమ్మకానికి పెట్టినవి ఏవి? ఆ జాబితాలో లేని ప్రతి ఆటనూ గ్రంథాలయాలకు వదిలేయాలి.